పూటకూళ్లవాడి బాకీ

మొన్న మార్చిలో మేనల్లుడి కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థనకని గుంటూరు వెళ్లాను. స్టేషన్ బయట ఆటో ఎక్కి పది నిమిషాలు కాలేదు, వరసగా నాలుగు తుమ్ములు. ముందు మిరపకాయల టిక్కీలతో లారీ పోతోంది. ఆటో అబ్బాయి అద్దంలో చూసి నవ్వి, "ఊరికి కొత్తా సార్?" అన్నాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడేనయ్యా అని చెప్పబోయి మళ్లీ తుమ్మాను. నలభై ఏళ్లు హైదరాబాదులో ఉంటే ముక్కు పరాయిదైపోయింది.

ఆ ఘాటు తగిలితే అందరికీ పచ్చళ్లు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం లూకా సువార్త గుర్తొస్తుంది. నవ్వకండి. మేం బైబిలు చదువుకున్న అరుగు ముందునుంచే మిరపకాయల బండ్లు పోయేవి. ఎండలు ముదిరే రోజుల్లో ఒక వచనం పూర్తయ్యేలోపు ఇద్దరైనా తుమ్మేవాళ్లు. తుమ్మినవాడు వచనం మళ్లీ మొదటినుంచి చదవాలని మామ్మగారి రూలు. "దేవుడి మాట మధ్యలో తెగగూడదు" అనేది. అలా తుమ్మీ తుమ్మీ కొన్ని వచనాలు మాకు కంఠతా వచ్చేశాయి.

* * *

మామ్మగారంటే మా సొంత మామ్మ కాదు. పేటలో పిల్లలందరికీ మామ్మగారే. మిషన్‌లో బైబిల్ ఉమన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పటివాళ్లకి ఆ మాట తెలియకపోవచ్చు. గుంటూరుకి లూథరన్ మిషన్ 1842లో వచ్చింది. హయ్యర్ అయ్యగారు వచ్చి మొదలుపెట్టారు. కానీ దొరలు, దొరసానులు ఎంతమంది వచ్చినా ఇళ్ల లోపలికి, వంటింటి గడపదాకా వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడే పని మాత్రం ఈ తెలుగు ఆడవాళ్లదే. తెల్ల నూలు చీర, నల్ల గొడుగు, సంచిలో బైబిలు, కాళ్లకి ధూళి. జీతం కొద్ది, నడక ఎక్కువ. మేము చూసేనాటికి ఆవిడకి డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగిపోయి అరుగు దిగేది కాదు. "నేను తిరిగింది చాలు, ఇక మీరు తిరగండి" అనేది మమ్మల్ని చూసి. ఆ మాటకి అర్థం తర్వాత తెలిసొచ్చింది.

కుగ్లర్ ఆసుపత్రి సంగతి ఆవిడ చెప్తే వినాలి. అన్నా కుగ్లర్ డాక్టరు చదువు చదివి 1883లో గుంటూరు వచ్చింది. కానీ పంపినవాళ్లు ఆమెని డాక్టరుగా పంపలేదు. జెనానా పనికి, అంటే ఇళ్లలో ఆడవాళ్లకి చదువు చెప్పే పనికి పంపారు. ఇక్కడికొచ్చి చూస్తే పురుళ్లలో చచ్చిపోయే ఆడవాళ్లు. "పంపిన కాగితంలో ఏముందో చూసుకుంటా కూర్చుందా? కూర్చోలేదు" అనేది మామ్మగారు. ఆసుపత్రి లేచేసరికి 1898 అయింది. ఈ కథ బైబిల్లో లేదు గానీ మా అరుగు మీద దానికి బైబిలంత విలువ ఉండేది.

మా కూడిక శనివారం సాయంత్రం. సండే స్కూల్ వేరు, ఇది వేరు. సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్తే బొమ్మకార్డు ఇచ్చేవాళ్లు. ఇక్కడ కార్డూ లేదు, బిస్కెట్టూ లేదు. పద్నాలుగు మంది పిల్లలం, పదేళ్లవాళ్లనుంచి కాలేజీ మొదటేడు వాళ్లదాకా. నెలకి ఒక్కటే కథ. నాలుగు శనివారాలూ అదే కథ. మొదటి వారం తలా ఒక వచనం చదవటం. రెండో వారం పుస్తకం మూసి నోటితో చెప్పటం. అప్పుడు తెలిసేది మనం ఎంత వదిలేశామో. మూడో వారం తలా ఒక పాత్ర. నాలుగో వారాన్ని 'పని వారం' అనేవాళ్లం. ఆ కథలోంచి ఏదో ఒకటి చేసి రావాలి. చేసింది మామ్మగారు గీతల నోటుపుస్తకంలో రాసేది, బైబిలు భాషలోనే. "ఫలానా వాడు ముసలివాని బిందె మోసెను." "ఫలానాది తన చెల్లెలిని కొట్టక మానెను." 'కొట్టక మానెను' అంటే కొట్టినట్టా, కొట్టనట్టా అని మేం ఒకసారి గంటసేపు కొట్టుకున్నాం.

ఆ భాష సంగతి ఒకటి చెప్పాలి. 'చేయుదును గాక', 'అందుకాయన', 'ఇదిగో' అని ఆ పాత తెలుగు మాకు ఎంత వంటబట్టిందంటే, స్కూల్లో తెలుగు మాస్టారు వ్యాసం రాయమంటే మా పేట పిల్లలందరం ప్రవక్తల్లాగా రాసేవాళ్లం. 'ఆవు' మీద నేను రాసిన వ్యాసం "ఇదిగో, ఆవు సాధు జంతువై యున్నది" అని మొదలైంది. మాస్టారు క్లాసంతా వినేట్టు చదివి, నవ్వి, పదికి ఏడు వేశారు.

* * *

మొదటి నెల మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి కొరప్రాణంతో దారిలో వదిలేసిన మనిషిని యాజకుడు చూసి పక్కగా పోతాడు. పరాయివాడైన సమరయుడు మాత్రం పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఎక్కువైతే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానంటాడు. యెరూషలేము నుంచి యెరికోకి ఎంత దూరమో మామ్మగారికి తెలుసు. "మన గుంటూరు నుంచి తెనాలి ఎంతో, రమారమి అంతే. కాకపోతే తెనాలి దారి బల్లపరుపు. అది కొండల్లో దిగుడు. అందుకే పుస్తకంలో 'దిగి వెళ్లుచు' అని రాశాడు. ఊరికే రాయలా." రెండు దేనారాలంటే రెండు రోజుల కూలి అని కూడా చెప్పింది. మేమందరం వేళ్ల మీద లెక్కేసుకున్నాం. మా అమ్మ రెండు రోజులు పొద్దుగూకులూ మిరపకాయల ముచ్చికలు తీస్తే వచ్చే డబ్బు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం! అంతకుముందు ఆ కథ విన్నప్పుడు ఆ రెండు దేనారాలు నాకు రెండు పైసల్లాగే వినపడేవి.

పాత్రలు పంచినప్పుడు నాకు 'వాహనం' వచ్చింది. బైబిల్లో అంతే ఉంటుంది, 'తన వాహనము మీద ఎక్కించి' అని. అది గాడిదా గుర్రమా అని పోట్లాట. నా పక్కన కూర్చునేవాడికి పూటకూళ్లవాడి పాత్ర వచ్చింది. సమరయుడికి, యాజకుడికి, దెబ్బలు తిన్నవాడికి కూడా మామ్మగారు పెద్దగా ప్రశ్నలు వేయలేదు. వీడిని పట్టుకుంది.

"రెండు దేనారాలు అయిపోయినయ్. వాడికింకా జ్వరం తగ్గలా. సమరయుడు రాలా. ఏం చేస్తావురా?"

వాడు చాలాసేపు అరుగు గచ్చు గోకుతూ కూర్చున్నాడు. "రాసి పెట్టుకుంటా మామ్మగారూ."

"రాకపోతే?"

"మళ్లీ వస్తానన్నాడుగా."

మామ్మగారు కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. ఆ రోజునుంచి వాడు పూటకూళ్లోడు. అసలు పేరు వాళ్లమ్మ తప్ప ఎవరూ పిలవలేదు.

ఇక పని వారం. మేం నలుగురం కలిసి రోడ్డు పక్కన ఎవరైనా పడి ఉన్నారేమో అని వెతుకుతూ రైలుకట్ట వెంబడి బయల్దేరాం. దొరికాడు. రిక్షా పక్కన నేలమీద ఒకాయన వెల్లకిలా. నలుగురం కాళ్లూ చేతులూ పట్టుకుని ఆయన రిక్షాలోకే ఎత్తి, తొక్కటం రాక తోసుకుంటూ పెద్దాసుపత్రి వైపు తీసుకెళ్తున్నాం. సగం దారిలో లేచాడు. మధ్యాహ్నం కల్లు తాగి కునుకు తీస్తున్న మనిషి. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రైలు దిగే బేరాలు పోయాయని ఆయన ఏడుపు.

మామ్మగారు మొత్తం విని, నవ్వు ఆపుకుని ఒకటే అంది. "కొరప్రాణంతో ఉన్నాడా, గురక పెడుతున్నాడా చూసుకోవద్దంట్రా?" పుస్తకంలో మాత్రం రాసింది. ఏం రాసిందో అప్పుడు చూపించలేదు.

* * *

జక్కయ్య కథ నాకు తగిలినట్టు ఎవరికీ తగల్లేదు. యేసుని చూడటానికి చెట్టెక్కిన సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న కథ. అందరూ మేడిచెట్టు ఎక్కే పాత్ర కోసం కొట్టుకుంటుంటే నేను మాత్రం తలొంచుకుని కూర్చున్నాను. 'నాలుగంతలు మరల చెల్లింతును' అన్న చోట నా గొంతు ఆగిపోయింది. తుమ్ము వచ్చిందని అబద్ధమాడాను.

సంగతేంటంటే మా వీధి చివర కిరాణా కొట్టు సీసాలోంచి జీళ్లు తీశాను. శెట్టిగారు చింతపండు తూకం వేస్తుంటే. పది పైసల సరుకు. నాలుగంతలంటే నలభై పైసలు. ఆ వయసులో నలభై పైసలు ఎక్కడినుంచి వస్తాయి? అమ్మని అడిగితే ఎందుకని అడుగుతుంది. చివరికి అమ్మతోపాటు రెండు సాయంత్రాలు ముచ్చికలు తీయటానికి కూర్చున్నాను. తొడిమ పట్టి తుంచటం, తాలు కాయలు ఒకవైపు పడేయటం. వినటానికి ఏముంది అనిపిస్తుంది. అరగంటకి గోళ్ల కింద నిప్పు పెట్టినట్టయింది. తెలియక కన్ను నులుముకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు.

డబ్బులు గల్లాపెట్టె మీద పెట్టి గబగబా చెప్పేశాను. శెట్టిగారు నా మొహం, నాణేలు మార్చి మార్చి చూశారు. ఎర్రబడ్డ కన్ను కూడా చూశారు. నాలుగు నాణేలూ లెక్కపెట్టి పెట్టెలో వేసుకుని, సీసా మూత తీసి ఒక జీడి నా చేతిలో పెట్టారు. "కొసరు" అన్నారు.

ఇప్పుడు ఇదొక చిక్కు. కొసరు తీసుకుంటే బాకీ తీరినట్టా, మళ్లీ మొదలైనట్టా? తినకుండా గుప్పిట్లో పెట్టుకుని అరుగు దాకా పరిగెత్తాను. జీడి కరిగి చేతికి అంటుకుపోయింది. మామ్మగారు చూసి, "కొసరంటే కృపరా అబ్బాయ్. తిను" అంది. ఆ తర్వాత కృప గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. మైకుల్లో, టీవీల్లో, పెద్ద పెద్ద సభల్లో. నాకు మాత్రం ఆ మాట వింటే నోట్లో బెల్లం రుచే వస్తుంది.

* * *

ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలూ మిరపకాయల సీజనూ ఒకేసారి వస్తాయి గుంటూరులో. ఆ ఏడు యేసు శిష్యుల కాళ్లు కడిగిన కథ తీసుకున్నాం. పని వారంలో ఎవరి కాళ్లు కడగాలి అని చర్చ. ఒకరివొకరం కడుక్కుందాం అన్నాం. "మీ కాళ్లకేం తక్కువ, గుడి మెట్ల మీద కడుక్కుని వచ్చినవేగా" అని మామ్మగారు కొట్టిపారేసింది. "మీ ఇళ్లల్లో ఏవి మండుతున్నయ్యో అవి కడగండి."

నాకు వెంటనే తట్టలేదు. ఆడపిల్లలకి తట్టింది.

సాయంత్రం చీకటి పడేవేళకి మా అమ్మలందరూ పని నుంచి గుంపుగా వచ్చేవాళ్లు. దూరంనుంచే దగ్గులు వినిపించేవి, తర్వాత మాటలు, తర్వాత మనుషులు. ముక్కుకి చీర చెంగు. చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నడిచేవాళ్లు, తడి గాజులు వేసుకున్నట్టు. రాగానే మమ్మల్ని ముట్టుకునేవాళ్లు కాదు. చంటిబిడ్డ ఏడ్చినా నాయనమ్మే ఎత్తుకోవాలి. అది మాకు మామూలే. చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్ని ఎవరూ చూడరు కదా.

ఆ రోజు మేం అరుగు దగ్గర రెండు బాల్చీల పల్చటి మజ్జిగతో కూర్చున్నాం. మిరప మంటని నీళ్లు లాగవు, ఇంకా పాకిస్తాయి. కారం నీళ్లలో కరగదు. పాలో మజ్జిగో అయితే లాగేస్తుంది. ఇది మాకు సైన్సు మాస్టారు చెప్పలేదు, వాళ్లే చెప్పారు, మేం నీళ్లు తెస్తే తిట్టి. మజ్జిగ ఇంటింటికీ అడిగి పోగేశాం. ఒక్కొక్కళ్లనీ పీట మీద కూర్చోబెట్టి చేతులు కడిగాం. మొదట వాళ్లకి సిగ్గు. "ఏందే ఈ చోద్యం" అని నవ్వులు. తర్వాత మాటలు ఆగిపోయాయి. మా అమ్మ అరచేతులు అంత దగ్గరగా అప్పుడే చూశాను. గీతల్లో ఎరుపు ఇంకిపోయి ఉంది. కడిగితే పోయేది కాదు. కడుగుతుంటే నా చేతులూ మండాయి. అమ్మ చేతులు వెనక్కి లాక్కోబోయింది. నేను వదల్లేదు. ఆ రాత్రి అన్నం తనే కలిపి పెట్టింది, సీజన్లో ఎప్పుడూ చేయని పని.

ఆ సీజనంతా శనివారాలు మజ్జిగ బాల్చీలు పెట్టాం. తర్వాతి ఏడు పెట్టలేదు. ఎందుకు ఆగిపోయిందో నిజంగా గుర్తులేదు. మంచి పనులు ఆగిపోవటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

* * *

సారెపతు విధవరాలి కథ నెలలో మొదలైంది పిడికెడు బియ్యం. కరువులో ఆవిడ దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ముందు ప్రవక్తకి పెట్టింది. మా పద్నాలుగు ఇళ్లలోనూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. చాలా సంఘాల్లో ఆడవాళ్లు చేసే పనే, కొత్తదేం కాదు. నెలాఖరుకి అన్నీ మామ్మగారింటి మూల బస్తాలోకి. అక్కుళ్లు, కోటా బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయి. "ఇవి వండితే సగం మెతుకు, సగం పలుకు" అని ఆడవాళ్లు వెక్కిరించేవాళ్లు. ఎవరికిస్తాం అని అడిగితే, "అడిగేవాళ్లు వస్తారు, తొందరెందుకు" అనేది.

1977 నవంబరు 19. ఈ తేదీ మర్చిపోను, అది శనివారం కాబట్టి. మా కూడిక రోజు. పొద్దుటినుంచే ముసురు, గాలి. సాయంత్రానికి గాలి అరుపు మారిపోయింది. రేకులు ఎగిరి ఎక్కడో గోడకి కొట్టుకుంటున్న చప్పుడు, చెట్లు విరిగే చప్పుడు. నాన్న తలుపుకి రోకలి అడ్డం పెట్టి తనూ ఆనుకుని కూర్చున్నాడు. కూడికకి వెళ్లని మొదటి శనివారం అది. గుంటూరులో మాకు అదే పెద్ద తుపాను అనిపించింది. దివిసీమ సంగతి రెండు మూడు రోజులకి గానీ తెలియలేదు. ఉప్పెన ఊళ్లకి ఊళ్లనే ఊడ్చేసింది. చనిపోయినవాళ్లు పదివేలకి పైనే అని లెక్క. అంతకంటే చాలా ఎక్కువని చూసొచ్చినవాళ్లందరూ అన్నారు.

మూల ఉన్న బియ్యం తూస్తే రెండు బస్తాలు, ఇంకో గోనెసంచిలో సగం. రేపల్లె వైపు వెళ్లే లారీలో వేశాం. పిల్లల్ని రానివ్వలేదు. మాలో కాలేజీ చదివే పెద్దన్న ఒక్కడే లారీ మీద వెళ్లాడు. ఐదో రోజు వచ్చాడు. చొక్కా మార్చుకున్నా వాసన వదలలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబరుకి నోవహు కథ, అంటే జలప్రళయంలో ఓడ ఎక్కినవాళ్లు తప్ప అందరూ మునిగిపోయిన కథ, అని ముందే అనుకుని ఉన్నాం. చిన్నపిల్లలు జంతువుల పాత్రలు పంచేసుకున్నారు కూడా. ఆ శనివారం బైబిళ్లు తెరవబోతుంటే పెద్దన్న అడిగాడు.

"ఓడ బయట ఉన్నవాళ్ల సంగతి ఎవరు రాశారు మామ్మగారూ?"

ఎవరూ తుమ్మలేదు. బండి ఒకటి పోయింది, ఎద్దు మెడలో గంట చప్పుడు చాలా దూరం దాకా వినపడింది. మామ్మగారు బైబిలు మూసింది. "నాకు తెలవదు నాయనా" అంది. అంతమంది ఇళ్లల్లో అన్నేళ్లు బైబిలు చెప్పిన మనిషి. ఆవిడ నోట ఆ మాట అదే మొదటిసారి విన్నాను.

నోవహు కథ ఆ తర్వాత కూడా చదవలేదు. ఆ నెల రిస్పా కథ చదివించింది. సమూయేలు రెండో గ్రంథంలో ఉంటుంది, సండే స్కూల్లో ఎవరూ చెప్పరు. చచ్చిపోయిన కొడుకుల శవాల దగ్గర గోనెపట్ట పరుచుకుని, కోతలనాటినుంచి వాన పడేదాకా కూర్చుంది ఆ తల్లి. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వకుండా. అంతే కథ. పని వారం వచ్చింది. ఏం చేయమంటారు అని అడిగాం. "కూర్చోండి" అంది. చీకటి పడేదాకా అరుగు మీద ఊరికే కూర్చున్నాం. పెద్దన్న ఏడ్చాడు. పుస్తకంలో ఆ వారం కింద ఏమీ రాయలేదు.

* * *

ఇప్పుడు రాయకుండా దాటేద్దామనుకున్నది రాస్తాను.

మా మందిరంలో అందరం చాపల మీదే కూర్చునేవాళ్లం. అందరం ఒకటే అని పాడేవాళ్లం. కానీ చాపలకీ వైపులు ఉండేవి. పేటకీ రెండు వైపులు. మునిసిపల్ కొళాయి ఒకటే, బిందెల వరసలు రెండు. ఎవరిది ఏ వైపో ఇక్కడ చెప్పను, తెలిసినవాళ్లకి తెలుసు. పై కులాలవాళ్లు మనల్ని అంటుకోరని కోపం తెచ్చుకునే మనమే, మనలో మనం ఇంకో గీత గీసుకున్నాం. పూటకూళ్లోడిది ఆ వైపు. నాది ఈ వైపు.

ఆ ఎండాకాలం మామ్మగారు యాకోబు బావి కథ తీసింది. సమరయ స్త్రీని యేసు దాహానికిమ్మని అడుగుతాడు. 'యూదులు సమరయులతో సాంగత్యము చేయరు' అన్న మాట దగ్గర మా చేత నాలుగుసార్లు చదివించింది, తుమ్ములు లేకుండానే. చివరి వారం పని చెప్పింది. "అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. ఇంట్లోకెళ్లి మంచినీళ్లు అడిగి తాగి రండి."

ఆ వారం పేటలో రేగిన గొడవ మామూలుది కాదు. సంఘ పెద్దలు ఇద్దరు అరుగు దగ్గరకొచ్చి, "పిల్లలకి కథలు చెప్పండమ్మా, ఇవన్నీ మీకెందుకు" అన్నారు. మామ్మగారు, "కథే చెప్పాను అయ్యా, నాలుగో అధ్యాయం" అంది. మా నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం నన్ను లోపలికి పిలిచి, "నీళ్లు పుచ్చుకో, నోట్లో పోసుకోమాక" అంది. మజ్జిగతో నేను కడిగిన ఆ చేతులే.

పూటకూళ్లోడి అమ్మ కంచు గ్లాసు తోమింది. నా ముందే రెండోసారి తోమింది. ఎందుకు రెండుసార్లు తోమిందో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది. కుండలోంచి ముంచి ఇచ్చింది. తుమ్ము వస్తున్నట్టు మొహం పెట్టి గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. వేపచెట్టు మొదట్లో పోసేసి, మూతి తుడుచుకుంటూ వచ్చాను. గుమ్మంలో వాడు నిలబడి ఉన్నాడు.

శనివారం మామ్మగారు పుస్తకం తెరిచి నా పేరు చదివింది. నేను నోరు తెరిచేలోపే వాడు, "తాగాడు మామ్మగారూ, మా ఇంట్లో" అన్నాడు.

* * *

తర్వాత కూడికకి పిల్లలు తగ్గిపోయారు. పద్నాలుగు మందిమి ఆరుగురయ్యాం, ముగ్గురయ్యాం. నేను పదో తరగతి పరీక్షలని సాకు చెప్పాను. డిగ్రీ ఏసీ కాలేజీలో చదివి, ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిపోయాను. మామ్మగారు పోయినప్పుడు టెలిగ్రాం ఆలస్యంగా అందింది. భూస్థాపనకి అందుకోలేకపోయాను.

మొన్న ప్రతిష్ఠ ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర మేనల్లుడు చెప్పాడు, పూటకూళ్లోడు ఇంకా అదే వీధిలో ఉన్నాడని. రైల్వేలో చేసి రిటైరయ్యాడట. నడుచుకుంటూ వెళ్లాను. అరుగు లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల ఇల్లు, కింద సెల్‌ఫోన్ రిపేరు షాపు. బండ్ల బదులు ట్రాలీ ఆటోలు. ఘాటు మాత్రం అదే.

తలుపు తీసింది వాడి భార్య. పేరు చెప్పగానే, "మీరా అన్నయ్యా, రండి రండి" అంటూ లోపలికి కేకేసింది. వాడు చేతికర్రతో వచ్చాడు. షుగరు, కాలికి కట్టు. కాసేపు ఇద్దరం ఒకళ్ల బట్టతల ఒకళ్లు చూసుకున్నాం. ఆ తర్వాత వాడు బీరువాలోంచి గీతల నోటుపుస్తకం తీశాడు. మామ్మగారు వాడికే ఇచ్చి పోయిందట. అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది.

రిక్షా ఆయన పేజీ వెతుక్కుని చూశాను. "నలుగురు నిద్రించువానిని లేపిరి. అయినను వెళ్లిరి." చదివి ఇద్దరం పడి పడి నవ్వాం. ఇంకా తిరగేస్తుంటే నా పేరు వచ్చింది. దాని ఎదురుగా ఆ వణుకుతున్న అక్షరాలతో, "దాహము పుచ్చుకొని త్రాగెను."

నేను తలెత్తలేదు. వాడు పుస్తకం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మూశాడు.

"ఏమేవ్, అన్నయ్యకి మంచినీళ్లు" అన్నాడు.

ఆవిడ టిన్ను కుళాయి తిప్పి స్టీలు గ్లాసు నిండా పట్టి తెచ్చింది. "కూలింగువి ఇమ్మంటారా అన్నయ్యా?" అంది. వద్దన్నాను. నిలబడే తాగాను, మధ్యలో ఆపకుండా, చొక్కా మీద కొంచెం ఒలికినా. గ్లాసు దించేసరికి వాడు నావైపే చూస్తున్నాడు.

"తాగక చస్తావా" అన్నాడు. "వేపచెట్టు కొట్టేసి పదేళ్లయింది."

ఇంకో గ్లాసు అడిగాను.